చూసినవారి సంతకం

"ల్యాబ్ తాత పోయిండు బిడ్డా" అని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను డిచ్‌పల్లిలో, యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో, ప్లేటు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నాను. పొద్దున ఏడున్నర. ఉప్మా అయిపోవచ్చిందని ముందున్న అమ్మాయిలు గొణుక్కుంటున్నారు. అమ్మ ఇంకా ఏదో చెప్తోంది. తెల్లవారుజామున ఆయాసం ఎక్కువైందట. ఆటో వచ్చేలోపే అయిపోయిందట. నేను వరసలోంచి బయటికొచ్చి, ఏమీ పెట్టించుకోని ఆ ప్లేటును ఎంగిలి ప్లేట్ల తొట్టిలో వేశాను. ఎందుకలా వేశానో తెలియదు. నిజామాబాద్ దాకా ఒక బస్సు, అక్కణ్ణించి బోధన్‌కు ఇంకో బస్సు. దారి పొడుగునా నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది.

మీరు అడిగిన ప్రశ్నలకు చేసి చూసి జవాబులు రాసే ఈ సైట్ చదివేవాళ్ళకు ఆయన పూర్తిగా కొత్త మనిషి కాదు. ఇక్కడి ప్రతి జవాబు కింద రెండు పొడి సంతకాలు ఉంటాయి, గమనించే ఉంటారు. ఒకటి 'చేసినవారు', అది నేను. రెండోది 'చూసినవారు', అది ఆయన. మీలో కొందరు ఫోన్‌లో ప్రశ్న అడుగుతుంటే నా వెనక నుంచి దగ్గుతూ నవ్విన గొంతు కూడా ఆయనదే. ఏడాదిన్నరగా ఈ సైట్‌లో కొత్త జవాబు ఎందుకు రాలేదని చాలామంది అడిగారు. దానికీ ఈ స్మృతిలోనే జవాబు ఉంది. కాస్త ఓపిక పట్టి చదవండి.

మా ఇంటికి రెండిళ్ళ అవతల ఆయన ఇల్లు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో దాని ల్యాబ్‌లో పనిచేశారు. చెరుకు రసంలో తీపి ఎంతుందో, ఏ గంటకు ఎంతుందో కొలిచి రాయడం ఆయన పని. ఫ్యాక్టరీ మూతపడ్డాక గేటు తుప్పు పట్టింది, లోపల చెట్లు మొలిచాయి, ఈయనకు మాత్రం కొలిచే అలవాటు పోలేదు. చాయ్ గ్లాసు ఇస్తే ముందు వెలుతురుకేసి ఎత్తి చూసేవారు. చారు చూసేవారు. వాన నీళ్ళు చూసేవారు. ఒకసారి మా చిన్నమ్మ పెళ్ళిచూపుల్లో పిల్లవాడి తండ్రి పక్కన కూచుని, ఇచ్చిన షర్బత్‌ను కిటికీ వైపు ఎత్తి పట్టుకుని ఒక కన్ను మూశారు. అందులో ఏదో పడిందనుకుని ఆ పెద్దమనిషి తాగకుండా పక్కన పెట్టేశాడు. మా ఇంట్లో ఇప్పటికీ ఆ మాట చెప్పుకుని నవ్వుతారు. ఇకమీదట ఎలా నవ్వుతారో తెలియదు.

ఆయన జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుండేవి, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. రబ్బరు మాత్రం ఆ ఇంట్లో ఎక్కడా ఉండేది కాదు. నేను నాలుగో తరగతిలో వాళ్ళ అరుగు మీద కూచుని లెక్కలు చేసుకుంటుంటే నా చేతిలో రబ్బరు లాక్కుని పైకప్పు మీదికి విసిరేశారు. నేను ఏడుపు లంకించుకున్నాను.

"తుడుస్తె నీ గలతి ఏడ వోయిందో నీకే తెల్వదు. ఒక్క గీత గియ్యి. కింద ఉన్నది కనవడాలె. పక్కన సైది రాయి. సంతకం పెట్టు" అన్నారు.

ల్యాబ్ రిజిస్టర్‌లో అదే పద్ధతట. కొలత తప్పు పడితే చెరపకూడదు, దాని మీద దిద్దకూడదు, కాగితం చింపకూడదు. చదవడానికి వీలుగా ఒకే ఒక్క గీత గీసి, పక్కన సరైన అంకె వేసి, తప్పు చేసినవాడే సంతకం పెట్టాలి. కొలిచినవాడు ఒకడు, పక్కన నిలబడి చూసినవాడు ఇంకొకడు, ఇద్దరి సంతకాలూ ఉంటేనే అది కొలత. "నా పేరు మీద ఇరవై ఏడు గీతలున్నయి" అని గొప్పగా చెప్పుకునేవారు. తప్పులు లెక్కపెట్టుకుని చెప్పుకునే మనిషిని నేను ఇంకెవర్నీ చూడలేదు.

ఈ సైట్ పుట్టింది నా డిగ్రీ చివరి ఏడాది ప్రాజెక్టు కింద. నిజామాబాద్ కాలేజీలో మా మేడం, సైన్సును జనంలోకి తీసుకెళ్ళే పని ఏదైనా చేసి చూపించమన్నారు. తోటి పిల్లలు చార్టులు గీశారు. నేను పాత ల్యాప్‌టాప్ ఒకటి సంపాదించి, మన ఊళ్ళ వాళ్ళు మన మాటలో ప్రశ్నలు అడిగే సైట్ కడతానని బయల్దేరాను. సాయంత్రం బస్సు దిగి నేరుగా తాత దగ్గరికి వెళ్ళి చెప్పాను.

"గది యాడ ఉంటది?" అన్నారు.

"ఏడ ఉండదు తాతా. అందరి ఫోన్లల్ల ఉంటది."

"ఫోన్లున్నది ఫోన్లనే ఉండనీ. మనకైతె కాయిదం కావాలె" అని మర్నాడే బజారుకు పోయి, నిలువుగా పొడుగ్గా ఉండే ఆకుపచ్చ అట్ట రిజిస్టర్ ఒకటి తెచ్చారు. ఒక్కో ప్రశ్నకు ఒక్కో పేజీ. ప్రశ్న, అడిగినవాళ్ళ ఊరు, చేసిన పని, కనబడినది, కింద రెండు సంతకాలు. రిజిస్టర్‌లో రెండు సంతకాలు పడ్డాకే సైట్‌లోకి ఎక్కాలి. చదివింది రాయొద్దు, విన్నది రాయొద్దు, మనం చేసి చూసిందే రాయాలన్నారు. అందుకే దీనికి 'చేసి చూసినం' అని పేరు పెట్టాం. ఆ పేరు ఆయన పెట్టిందే.

మొదటి ప్రశ్న బోధన్ బస్టాండ్ దగ్గర చెరుకు రసం బండి అతనిది. రసం కాసేపుంచితే ఎందుకు నల్లబడుతుంది? నేను అప్పటికే ఫోన్‌లో చదివి జవాబు సిద్ధం చేసుకున్నాను. తాత వినలేదు. మూడు గ్లాసుల్లో రసం పోయించారు. ఒకటి ఉత్తది, ఒకదాంట్లో నిమ్మకాయ పిండింది, ఒకటి మరగబెట్టి చల్లార్చింది. మూడింటినీ అరుగు మీద పెట్టి, పది నిమిషాలకోసారి నన్ను లేపి చూపించారు. ఈగలు తోలడం కూడా నా పనే. ఉత్త రసం కళ్ళముందే మబ్బు పట్టింది, నిమ్మరసం గ్లాసు మాత్రం లేతగా ఉండిపోయింది. నాకు జవాబు ముందే తెలుసు. అయినా ఆ గ్లాసును చూస్తుంటే ఒళ్ళు ఝల్లుమంది. తెలుసుకోవడం వేరు, చూడడం వేరు అని ఆ రోజు నాకు అర్థమైంది. ఎంతకాలం గుర్తుంచుకున్నానో మీరే చూస్తారు.

కందకుర్తి దగ్గర నుంచి ఒకావిడ సగం మరాఠీలో, సగం తెలుగులో ప్రశ్న పంపింది. నదులు కలిసే చోట రెండు నీళ్ళ రంగులు కాసేపు కలవకుండా ఎందుకుంటాయి అని. చెరుకు కోతలకు అటు పక్క నుంచి వచ్చే కూలీలతో మాట్లాడి నేర్చుకున్న మరాఠీ తాతకు బాగానే వచ్చు. ఆమె మాటల్లో పంపిన ఆ రికార్డు నాలుగుసార్లు పెట్టించుకుని విని, "మనం పోవాలె" అన్నారు. ఇద్దరం బస్సెక్కి పోయాం. ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, మంజీర నుంచి ఒక సీసా, గోదావరి నుంచి ఒక సీసా ముంచుకొచ్చారు. గుడికి వచ్చినవాళ్ళు తీర్థం అనుకుని తలా కాస్త అడిగారు. "తీర్థం గాదు, శాంపిలు" అని ఆయన సీసాలు చంక కింద దాచుకోవడం, వాళ్ళు ఈయన పిసినారితనానికి బుగ్గలు నొక్కుకోవడం! ఆ సీసాలు ఇంటి కిటికీలో పెట్టి, ఎంత మన్ను ఎన్ని రోజులకు కిందికి దిగిందో స్కేలు పెట్టి కొలిచాం. జవాబు సైట్‌లో ఉంది. సీసాలు ఇంకా ఆ కిటికీలోనే ఉన్నాయి.

ఇక నా సంగతి.

పోయిన ఏడు, పసుపు మార్కెట్‌కు వచ్చే కాలం. కాలేజీలో సైన్స్ దినోత్సవం దగ్గర పడింది. సైట్‌ను పెద్ద తెర మీద చూపిస్తామని మేడం అన్నారు. జనం బాగా చూసే పేజీ ఒకటి ఉంటే బాగుంటుందని నాకు ఆశ పుట్టింది. అప్పుడే తాతకు ఊపిరి ఆడక నిజామాబాద్ దవాఖానలో చేర్చారు. అదే వారంలో ఎవరో అడిగారు, పసుపు పొడిలో కల్తీ ఇంట్లోనే కనిపెట్టడం ఎలా అని. ఇంతకంటే మంచి ప్రశ్న దొరకదనుకున్నాను. ఎప్పుడో ఒక వీడియోలో చూసిన గుర్తు. అందులో వాడింది ఆమ్లం. నా బుర్రలో అది ఎలా తిరగబడిందో గాని సోడా అని కూచుంది. 'పసుపు పొడిని బట్టల సోడా కలిపిన నీళ్ళలో వేయండి, ఎర్రబడితే కల్తీ' అని రాసేశాను. చేసి చూడలేదు. బస్సులో కూచుని రాసి బస్సులోనే ఎక్కించాను. కింద 'చేసినవారు' దగ్గర నా పొడి సంతకం, 'చూసినవారు' దగ్గర ఆయన పొడి సంతకం, రెండూ నేనే పెట్టాను.

పసుపన్నది సోడాలో పడితే ఎర్రబడుతుంది. స్వచ్ఛమైనదైనా అంతే. మా అమ్మ నాకు దిష్టి తీసినప్పుడల్లా పళ్ళెంలో పసుపు, సున్నం కలిపి ఎర్రనీళ్ళు చేస్తుంది. పుట్టినప్పటి నుంచి నా మొహం చుట్టూ తిప్పిన నీళ్ళవి. సున్నం చేసే పనే సోడా కూడా చేస్తుందని, బీయస్సీ చదివిన దానికి, ఒక్క క్షణం కూడా తట్టలేదు.

ఆ పేజీ ఫొటోలు తీసి జనం గ్రూపుల్లో తిప్పారు. మా సైట్‌లో ఏదీ అంతగా తిరగలేదు. నేను రెండు రోజులు నేల మీద నడవలేదు. మూడోరోజు అమ్మ అంగడి నుంచి వచ్చి, పసుపు అవ్వతో జనం పెద్ద లొల్లి పెట్టుకున్నారని చెప్పింది.

పసుపు అవ్వ బోధన్ సోమవారం అంగడిలో కూచుంటుంది. వేల్పూర్ వైపు నుంచి కొమ్ములు తెప్పించుకుని, ఇంట్లో రోట్లో దంచి, జల్లెడ పట్టి, చిన్న చిన్న పొట్లాలు కట్టి అమ్ముతుంది. మా వాడలో అందరం ఆమె దగ్గరే కొనేవాళ్ళం. ఎవరో సోడా నీళ్ళ గ్లాసు పట్టుకొచ్చి, ఆమె ముందే ఆమె పసుపు వేసి చూపించారట. నీళ్ళు రక్తంలా అయ్యాయట. ఇన్నేండ్లు మాకు విషం తినిపించినవా అని పొట్లాలు మీద విసిరి కొట్టారట. ఆమె గోనెపట్టా చుట్టుకుని మధ్యాహ్నానికే ఇంటికి పోయిందట.

నేను గదిలోకి పోయి తలుపు వేసుకుని, ఫోన్ తీసి, ఆ పేజీ తీసేశాను. గీత గీయలేదు. తుడిచేశాను. ఒక్క బొటనవేలితో అయిపోయింది.

వారం తర్వాత తాత దవాఖాన నుంచి ఇంటికొచ్చారు. ఇంకో రెండు రోజులకు చూడడానికి వెళ్ళాను. మంచం మీద దిండ్లకు ఆనుకుని కూచున్నారు. కుశలం అడగనివ్వలేదు.

"పసుపు ముచ్చట నువ్వే రాసినవా బిడ్డా?"

"నేను రాయలే తాతా. ఎవరో మన సైట్ పేరు పెట్టి తిప్పుతున్నరు" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! కావాలంటే చూడండి, సైట్‌లో లేదు కదా అని ఫోన్ కూడా తెరిచి చూపించాను.

ఆయన ఫోన్ వైపు చూడలేదు. నన్నే చూశారు. చాయ్‌ని చూసినట్టు, ఒక కన్ను కాస్త చిన్నది చేసి.

"సరే బిడ్డా" అన్నారు. దిండు సర్దుకుంటూ, "సోమారం అంగట్లకు పోవాలె. వస్తవా?" అన్నారు.

పరీక్షలున్నాయన్నాను. ఆ సోమవారం నాకు ఏ పరీక్షా లేదు.

ఆయన ఒక్కరే పోయారని అమ్మ చెప్పింది. అక్కడ ఏం జరిగిందో నేను అడగలేదు. ఆ తర్వాత ఆయన ఇంటి ముందు నుంచి కాకుండా వెనక సందులోంచి తిరిగి బస్టాండుకు పోవడం మొదలుపెట్టాను. సైన్స్ దినోత్సవం రోజు సైట్ చూపించారు, అందరూ చప్పట్లు కొట్టారు. డిగ్రీ అయింది, డిచ్‌పల్లిలో సీటొచ్చింది, హాస్టల్‌కు వెళ్ళిపోయాను. నెలకో రెండు నెలలకో ఆయనే ఫోన్ చేసేవారు. ఆయాసం మధ్యలో ఒకే మాట.

"కొత్త సవాల్ ఏమన్న అచ్చిందా?"

"రాలే తాతా."

"అస్తె చెప్పు. రిజిస్టర్ల జాగ ఉన్నది."

ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి. నేను తెరిచి చూడలేదు. తెరిస్తే జవాబు చేయాలి, చేస్తే ఆయన పక్కన నిలబడి చూడాలి. ఆ చూపు ముందు నిలబడే ధైర్యం నాకు లేకపోయింది. ఇదీ ఏడాదిన్నర కథ. చదువు ఒత్తిడి అని కొందరికి రాశాను. ఆ మాట అబద్ధం, క్షమించండి.

మూడో రోజు పిట్టకు కూడు పెట్టి వచ్చాక వాళ్ళ ఇంటి ముందు షామియానా కింద కూచున్నాం. నేను అమ్మ పక్కన ఉన్నాను. అమ్మమ్మ, అంటే తాత భార్య, గోడకు ఆనుకుని ఉంది. అప్పుడు పసుపు అవ్వ వచ్చింది. చేతివేళ్ళు అదే రంగు, ఎంత కడిగినా పోని రంగు. అమ్మమ్మ ఎదురుగా కూలబడి ఏడ్వడం మొదలుపెట్టింది.

"నేను పాపం మూటగట్టుకున్న చెల్లె. గీ మనిషి సోమారం నా ముంగటికచ్చి కూసున్నడు. గలాసుల సోడ కలిపి అందరికి సూపెట్టిండు. 'అసలు పసుపు గిట్లనే అయితది, గీమె పసుపు మంచిదే, గలతి నాది' అన్నడు. 'సూసిన సంతకం నాది, నేను సూడకుంటనే పడ్డది' అన్నడు. నాకు కోపం ఆగలే. నీ సదువుల మన్ను వడ, ముసలితనంల నీకు మతివోయిందా, నా కడుపు గొట్టినవు గదరా అని గంతమంది ముంగట నోటికచ్చినట్టు తిట్టిన. తలకాయ వంచుకొని ఇన్నడు. ఒక్క మాట ఎదురు అనలే. మల్ల సోమారం మల్ల అచ్చిండు. ఆరు సోమారాలు అచ్చి ఎండల కూసున్నడు చెల్లె, దగ్గుకుంట. అండ్ల సగం మందన్న మల్ల నా దగ్గర కొంటున్నరంటె ఆయన వల్లనే. గని ఒక్కనాడు గూడ మంచి మాట మాట్లాడలే నేను."

అమ్మమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఊరుకోబెట్టింది. చుట్టుపక్కల వాళ్ళు, పెద్దవయసులో పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, ఒప్పుకున్నాడు కదా, మంచి మనిషి అన్నారు. ఒకాయన, ల్యాబ్‌లో ఇన్నేళ్ళు చేసి ఆఖరికి పసుపు దగ్గర బోల్తా పడ్డాడని చిన్నగా నవ్వాడు కూడా. నేను నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను. అమ్మ మంచినీళ్ళ గ్లాసు అందించింది, తాత పోయిన దుఃఖం అనుకుని. నేను ఆ నీళ్ళు తాగాను. అలా రెండోసారి ఆయన్ను ముందు పెట్టి వెనక దాక్కున్నాను.

అందరూ లేచాక అమ్మమ్మ లోపలికి పిలిచింది. బీరువా మీద నుంచి ఆకుపచ్చ అట్ట రిజిస్టర్ తీసి చేతిలో పెట్టింది.

"నీదేనట. నువ్వస్తె ఇయ్యిమన్నడు. పంపుతనంటె వద్దన్నడు, రానీయి అన్నడు."

ఇంటికి తీసుకుపోయి తెరిచాను. ఆఖరు పేజీలో ఆయన దస్తూరి. పైన నీలం పెన్నుతో ప్రశ్న. కింద నేను రాసిన జవాబు, గ్రూపుల్లో తిరిగిన ఫొటో చూసి దించుకున్నది, అక్షరం పొల్లుపోకుండా. దాని మీద ఎరుపు పెన్నుతో ఒక్క గీత, కింద ఉన్నది కనబడేలా. ఆ తర్వాత చేసి చూసినది. ఇంట్లో దంచిన కొమ్ము, దుకాణం పొడి, పసుపు అవ్వ పొడి, మూడూ సోడాలో ఎర్రబడినవి. 'ఎర్రబడుట కల్తీకి గుర్తు కాదు. కల్తీ లేదనుటకు కూడా గుర్తు కాదు' అని రాశారు. అంతటి రోజుల్లో కూడా ఆ రెండో వాక్యం మరిచిపోలేదు. అట్టడుగున 'చూసినవారు' దగ్గర ఆయన సంతకం ఉంది. 'చేసినవారు' దగ్గర ఖాళీ.

పేజీ మీద వేసిన తేదీ చూశాను. నేను ఆయన మంచం పక్కన నిలబడి "నేను రాయలే తాతా" అన్న రోజుకు అది ముందు రోజు.

అంటే నన్ను అడిగేటప్పటికే ఆయనకు తెలుసు. గ్లాసులు పెట్టి చూసి, రాసి, సంతకం చేసి, నా జాగా నాకు ఉంచి, అప్పుడు అడిగారు. ఏడాదిన్నర పాటు ఫోన్ చేసి రిజిస్టర్‌లో జాగా ఉందని చెప్పింది ఈ జాగా గురించే కావచ్చు. అది కూడా నేను సరిగ్గా వినలేదు. నన్ను నలుగురిలో పెట్టి అడిగి ఉంటే, తిట్టి ఉంటే, ఒక దెబ్బ వేసి ఉంటే ఎంత బాగుండేదో! ఆయన మీద నాకు కోపం కూడా వచ్చింది, దాచుకోను. చచ్చిపోయిన మనిషి మీద కోపం ఎటు తీసుకుపోవాలో తెలియక రెండు రోజులు అన్నం మీదా, అమ్మ మీదా చూపించాను.

సోమవారం అంగడికి వెళ్ళాను. సంచిలో రిజిస్టర్, సోడా పొట్లం, గాజు గ్లాసు, నీళ్ళ సీసా. పసుపు అవ్వ గోనెపట్టా పరుచుకుని కూచుని ఉంది. ఎదురుగా కూచుని చెప్పాను. జవాబు రాసింది నేను, ఆయన సంతకం దొంగతనంగా పెట్టింది నేను, ఆయన అడిగితే అబద్ధం చెప్పింది నేను, ఆయనకు ఇందులో ఏ పాపం తెలియదు అని. ఒక్కసారికే అంతా చెప్పేశాను. చుట్టుపక్కల ఉల్లిగడ్డల వాళ్ళు, చీపుర్ల వాళ్ళు విన్నారు.

అవ్వ చేతిలోని పొట్లం పక్కన పెట్టింది. తిడుతుందని కాచుకుని ఉన్నాను. తిట్టలేదు.

"గట్లయితె నేను తిట్టిన తిట్లన్ని నీయి" అంది మెల్లగా. "ఆయన ఎందుకు మోసిండు? ఆరు సోమారాలు గా ఎండల ఎందుకు కూసున్నడు? నువ్వు అప్పుడే అచ్చి చెప్తె నేను నిన్ను రెండు తిట్టి ఊకుందును. పిల్లవు గదా. ఇప్పుడు గవన్ని నేనెట్ల వాపస్ తీసుకోవాలె?"

గ్లాసు తీసి, నీళ్ళు పోసి, సోడా కలిపాను. ఆమె పొట్లంలోంచి చిటికెడు పసుపు అడిగి తీసుకుని వేశాను. నీళ్ళు ఎర్రబడ్డాయి. జీవితంలో మొదటిసారి ఆ ప్రశ్నకు జవాబు నా చేతులతో చేశాను. రిజిస్టర్ తెరిచి, ఆయన వదిలిన ఖాళీలో సంతకం పెట్టాను. పక్క పేజీలో ఈ రోజు చేసినది రాశాను, 'చేసినవారు' దగ్గర నా పేరు పూర్తిగా రాశాను. 'చూసినవారు' దగ్గర అవ్వను వేలిముద్ర వేయమని అడిగాను. చూసింది ఆమే కదా.

"నేనెందుకు పెడ్త?" అంది. "గది ఆయన జాగ. పో బిడ్డా, బేరాల టైము."

లేచాను. గ్లాసు తీసుకోబోతే ఉండనీ అన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. నాలుగడుగులు వేశాక వెనక ఎవరో కోడలు పిల్ల, గ్లాసులో ఏందవ్వా అని అడగడం వినబడింది.

"పసుపే. సోడల ఏస్తె గిట్లనే ఎర్రగయితది" అంటోంది అవ్వ. "ఫ్యాక్టరీల ల్యాబాయన ఉండె. గాయన చెప్పిండు."

నేను తిరిగి చూడలేదు.

తుడిచేసిన పసుపు పేజీని మళ్ళీ సైట్‌లో పెట్టాను. నా తప్పు జవాబు మీద ఒక్క గీత ఉంది, కింద ఉన్నది చదవచ్చు. దాని కింద ఆయన రాసింది ఉంది. ఆగిపోయిన ప్రశ్నలు ఒక్కొక్కటే చేయడం మొదలుపెట్టాను. ఎవరైనా పక్కన నిలబడి చూడడానికి వస్తే మంచిది. నేను చేసేది తప్పయితే మొహం మీద చెప్పే మనిషి కావాలి.

ఈ స్మృతిని కూడా ముందు రిజిస్టర్‌లోనే రాశాను, తాత ఇంటి అరుగు మీద కూచుని. రెండు చోట్ల గీత గీసి దిద్దుకున్నాను. కిటికీలో మంజీర సీసా, గోదావరి సీసా పక్కపక్కన ఉన్నాయి. మన్ను ఎప్పుడో అడుక్కు దిగిపోయింది, పైన నీళ్ళు రెండింట్లోనూ ఒకేలా తేటగా ఉన్నాయి. అమ్మమ్మ చాయ్ గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది. అలవాటు లేని పని, గ్లాసును వెలుతురుకేసి ఎత్తి పట్టుకున్నాను. పేజీ అట్టడుగున 'చేసినవారు' దగ్గర నా పేరుంది. 'చూసినవారు' దగ్గర ఏమీ లేదు.